పేరు చూసే రెజ్యూమే పక్కన పెట్టేశానా? ఎలా సరిదిద్దుకోవాలి?

అందరికీ నమస్కారం. డల్లాస్ వచ్చి పదకొండేళ్లయింది. ఈ మధ్య మా టీమ్‌లో ఉద్యోగానికి వచ్చే రెజ్యూమేలు ముందుగా వడకట్టే పని నాకు అప్పగించారు.

పోయిన వారం "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టినవి మళ్లీ తిరగేశాను. అందులో ఒకాయనకి ఏడేళ్ల అనుభవం, మాకు కావలసిన డేటాబేస్ పనంతా చేశాడు. నేను పిలుద్దామనుకున్న ఇంకొకతనికి ఉన్నది ఐదేళ్లే. తేడా ఏంటా అని చూస్తే, పక్కన పెట్టింది నల్లజాతి వాళ్లలో ఎక్కువగా వినిపించే పేరు. ఒట్టు, కావాలని చేయలేదు. కానీ చేసింది నేనే కదా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన్ని మర్నాడే ఇంటర్వ్యూకి పిలిచాను.

బోస్టన్, షికాగోల్లో దాదాపు 5,000 రెజ్యూమేలు పంపి చేసిన పరిశోధన ఒకటి 2004లో అచ్చయింది. ఒకేలాంటి అర్హతలున్నా తెల్లవాళ్ల పేర్లకి 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. నా పొడుగాటి పేరు చూసి ఫోన్ చేయడం మానేస్తున్నారేమో అని ఒకప్పుడు ఏడ్చినదాన్ని నేను!

నియామకాలు చూసేవాళ్లు దయచేసి చెప్పండి. పేర్లు కనపడకుండా చేసి చూడటం మీ దగ్గర పనిచేసిందా? ఇంటర్వ్యూలో మనిషి ఎదురుగానే ఉంటారు, అక్కడేం చేస్తారు? అందరికీ ఒకే ప్రశ్నలు అడిగితే సరిపోతుందా? మేనేజర్‌తో ఈ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా టెన్షన్‌గా ఉంది.

ఇంకొకటి. మా ఇంట్లో "అది నల్లోళ్ల ఏరియా, అటు ఇల్లు వద్దు" అనే మాట మామూలుగా దొర్లుతుంది. తొమ్మిదేళ్ల మా పాప వింటోంది. పెద్దవాళ్లని నొప్పించకుండా మీరు ఎలా మాన్పించారు?