మిస్‌సెల్లింగ్‌పై విచారణ ఎదుర్కొంటున్న సంస్థలో పాలసీ ఉంది: ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న (పాలసీదారు కుమారుడు)

మా నాన్నగారి పేరిట పొదుపుతో కూడిన జీవిత బీమా పాలసీ ఒకటి ఉంది. పదవీ విరమణ సమయంలో వచ్చిన సొమ్మును డిపాజిట్ చేస్తున్నామని చెప్పి ఏజెంటు ఆయన చేత సంతకాలు పెట్టించారు. మరుసటి ఏడాది ప్రీమియం నోటీసు వచ్చాకగానీ అది ఏటేటా కట్టవలసిన పాలసీ అని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇలా తప్పుదోవ పట్టించి అమ్మడం (మిస్‌సెల్లింగ్) ఆ సంస్థలో విరివిగా జరిగిందన్న ఆరోపణలపై నియంత్రణ సంస్థ ఇప్పుడు విచారణ ప్రారంభించింది. దీనివల్ల పాలసీకే ముప్పు ఉంటుందా? విచారణ తేలే వరకు ప్రీమియం ఆపవచ్చా? జరిమానా విధిస్తే అందులో మాకేమైనా దక్కుతుందా? ఇవి చాలవన్నట్లు, వార్త వెలువడగానే మరొక ఏజెంటు ఫోన్ చేసి, ఈ పాలసీని సరెండర్ చేసి (అంటే గడువుకు ముందే వదులుకొని) వచ్చే డబ్బుతో తమ సంస్థలో కొత్తది తీసుకోమని ఒత్తిడి చేస్తున్నారు.

సమాధానం (బీమా రంగంలో నిబంధనల అమలు విభాగంలో పనిచేసిన వ్యక్తి)

ముందుగా విచారణ దేనిమీదో చూడండి. సంస్థ వద్ద క్లెయిములు చెల్లించేందుకు తగినన్ని నిధులు ఉన్నాయా అన్నది ఒక రకం పరిశీలన; పాలసీని ఏం చెప్పి, ఎవరికి, ఎలా అమ్మారన్నది వేరొక రకం. మీరు చెబుతున్నది రెండోది. అమ్మకంలో తప్పు జరిగిందని తేలినంత మాత్రాన పాలసీ ఒప్పందం రద్దయిపోదు, అందులోని బీమా రక్షణా పోదు. అయితే ప్రీమియం ఆపితే విచారణతో నిమిత్తం లేకుండా పాలసీ ల్యాప్స్ అయ్యే, అంటే బీమా రక్షణ ఆగిపోయే ప్రమాదం ఉంది, ఆ తర్వాత నాన్నగారికి ఏమైనా జరిగితే సంస్థ చెల్లించకపోవచ్చు. కట్టే స్తోమత లేకపోతే మాత్రం గడువు దాటకముందే ఆ సంగతిని రాతపూర్వకంగా తెలిపి, ఫిర్యాదు తేలేవరకు పాలసీని ఏ స్థితిలో ఉంచుతారో రాతలోనే అడగండి.

జరిమానా పాలసీదారులకు రాదు, సాధారణంగా ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది. పాలసీదారులకు వచ్చేది నష్టపరిహారం. దానికి నియంత్రణ సంస్థ విడిగా ఆదేశించాలి, లేదా మీ ఫిర్యాదు మీద నిర్ణయం రావాలి. బ్రిటన్‌లో 1988 తర్వాత అనేకమంది ఉద్యోగులను యజమాని ఇచ్చే మెరుగైన పింఛను పథకాల నుంచి తప్పించి వ్యక్తిగత పింఛను పాలసీలలోకి మళ్లించారు. ఆ అమ్మకాలను తిరిగి పరిశీలించే పని 1994లో మొదలై, చివరికి వెయ్యి కోట్ల పౌండ్లకు మించిన పరిహారంతో ముగిసింది, కానీ అందుకు ఏళ్లు పట్టింది. కాబట్టి విచారణ పూర్తయ్యాక చూద్దామని కూర్చోకండి. ఫిర్యాదుకు ఉన్న కాలపరిమితి చాలాచోట్ల విచారణ కోసం ఆగదు.

సమాధానం (పాత పాలసీలను పరిశీలించి సలహా ఇచ్చే వ్యక్తి)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది మాత్రం ఆ రెండో ఏజెంటు ఫోను. ఒక సంస్థ పేరు చెడినప్పుడు దాని పాలసీదారులు మరో సంస్థ ఏజెంట్లకు సులువుగా దొరికే గిరాకీ అవుతారు. పాత పాలసీని సరెండర్ చేయిస్తే తొలి ఏళ్లలో కట్టిన దానిలో చాలా భాగం పోతుంది. కొత్త పాలసీలో మళ్లీ మొదటి ఏడాది కమీషన్, పెరిగిన వయసుకు తగ్గ ప్రీమియం, కొత్తగా ఆరోగ్య వివరాల ప్రకటన. లాభపడేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఈ పద్ధతి పెద్ద ఎత్తున సాగినప్పుడు అదే ఒక మిస్‌సెల్లింగ్ కేసు అవుతుంది. అమెరికాలో ప్రుడెన్షియల్ సంస్థ ఏజెంట్లు పాత పాలసీలలో పోగైన విలువను కొత్త పాలసీల ప్రీమియం కిందికి మళ్లించారని వివిధ రాష్ట్రాల నియంత్రణాధికారులు 1996లో తేల్చి, 3.5 కోట్ల డాలర్ల జరిమానా విధించారు. 1982 నుంచి 1995 వరకు పాలసీలు తీసుకున్నవారి తరఫున సాగిన దావాలో సంస్థ చెల్లించవలసి వచ్చిన పరిహారం ముందు ఆ జరిమానా ఏపాటిదీ కాదు.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ప్రతిపాదన పత్రం మీద నాన్నగారి సంతకం ఉంది. పాలసీ ఇచ్చే ముందు సంస్థ చేసిన ధ్రువీకరణ ఫోనులో "అన్నీ అర్థమయ్యాయి" అని కూడా ఆయన చెప్పారట. ఇక వాదించడానికి ఏం మిగిలింది?

సమాధానం (నిబంధనల అమలు విభాగంలో పనిచేసిన వ్యక్తి)

చాలా మిగిలింది. సంతకం బలమైన ఆధారమే, దాన్ని తేలికగా తీసుకోమని చెప్పను. కానీ సలహా ఆ వ్యక్తికి తగినదేనా అన్న ప్రశ్నకు సంతకం జవాబు కాదు. స్థిరమైన ఆదాయం లేని విశ్రాంత ఉద్యోగికి దీర్ఘకాలం ప్రీమియం కట్టే పాలసీ ఎలా సరిపోతుందని భావించారో సంస్థే వివరించాలి. ప్రతిపాదన పత్రంలో ఆదాయం, వృత్తి, చదువు గడులలో ఏం రాశారో చూడండి. అవి ఏజెంటు చేతిరాతలో ఉండి, అంకెలు పెంచి కనిపిస్తే మీ వాదనకు అంతకంటే గట్టి పత్రం ఉండదు. ధ్రువీకరణ ఫోను సారాంశం కాదు, పూర్తి రికార్డింగు అడగండి. "అన్నిటికీ అవునని చెప్పండి" అని ఏజెంటు పక్కనుంచి చెప్పిపెట్టడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే.

నియంత్రణ సంస్థలు కూడా ఒక్కొక్క ఏజెంటు మాట దగ్గర ఆగిపోకుండా, ఆ మాట అనిపించిన జీతభత్యాల ఏర్పాటును చూస్తాయి. 2013లో బ్రిటన్ నియంత్రణ సంస్థ లాయిడ్స్ బ్యాంకింగ్ గ్రూపునకు 2.8 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది సిబ్బంది ప్రోత్సాహకాల తీరు మీదే. లక్ష్యం అందకపోతే హోదా, జీతం తగ్గే ఆ ఏర్పాటులో ఒక సలహాదారు తనకూ, భార్యకూ, సహోద్యోగికీ కూడా పాలసీలు అమ్ముకున్నట్లు బయటపడింది.

ఫిర్యాదును తిరస్కరిస్తూ ఒక మూస ఉత్తరం వస్తే వెనుకంజ వేయకండి. అదే గ్రూపునకు 2015లో 11.7 కోట్ల పౌండ్ల జరిమానా పడింది, ఈసారి రుణ బీమా ఫిర్యాదులను అన్యాయంగా పరిష్కరించినందుకు: అమ్మకాల ప్రక్రియ సక్రమమైనదేనని ముందే అనుకొని ఫిర్యాదులను చూడమని సిబ్బందికి చెప్పారు. తిరస్కరణ రాతపూర్వకంగా వచ్చిందంటే ఇలాంటి ఫిర్యాదులను విడిగా విని తేల్చే అధికారి అయిన అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లే దారి తెరుచుకున్నట్లే. ఫిర్యాదు నకలును విచారణ జరుపుతున్న విభాగానికి కూడా పంపండి. వారు మీ కేసును పరిష్కరించకపోవచ్చు, కానీ అలాంటివి ఎన్ని వచ్చాయన్నదే వారి కేసుకు బలం.

సమాధానం (పాత పాలసీలను పరిశీలించి సలహా ఇచ్చే వ్యక్తి)

ఒక్క హెచ్చరిక. సంస్థ రాజీకి వచ్చి సరెండర్ విలువకు కొంత కలిపి ఇస్తామనవచ్చు. సంతకం చేసే ముందు, ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయనని ఒప్పుకొనే వాక్యం అందులో ఉందేమో చూడండి. అది ఉంటే, విచారణ తర్వాత అందరికీ పరిహారం ప్రకటించినా నాన్నగారికి అది అందకపోయే అవకాశం ఉంది. కట్టిన ప్రీమియం మొత్తం, దానిపై వడ్డీ అడగండి. అంతకంటే తక్కువకు ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆయన వయసును, ఓపికను చూసి మీరే తేల్చుకోవాలి.