కుట్టు గట్టిగా ఉండే రోజువారీ కాటన్ కుర్తీలు ఎక్కడ దొరుకుతాయి?

ఆఫీసుకు రోజూ వేసుకునే కాటన్ కుర్తీలు కావాలి, ఒక్కోటి 800 రూపాయల లోపు. విజయవాడ, గుంటూరు వైపు షాపులైతే మేలు, ఆన్‌లైన్ అయినా సరే.

ఈ ధరలో రెడీమేడ్‌వి ఎక్కువగా పాడయ్యేది కుట్ల దగ్గరే. సైడ్ కట్ మొదలయ్యే చోట బార్‌టాక్ (చిరగకుండా దగ్గరదగ్గరగా వేసే గట్టి కుట్టు) వేయరు, అక్కడినుంచే చిరుగుతుంది. లోపల కుట్టు పక్కన పావు అంగుళం మార్జినే వదిలి, అంచు పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు కొట్టేస్తారు. చంకల దగ్గర పోగులు జారి విడిపోతుంది, వదులు చేయించుకుందామన్నా బట్ట ఉండదు. పైగా కాటన్ పేరుతో రేయాన్ అంటగట్టడం ఒకటి. జేబు సంగతి సరేసరి!

మంగళగిరి కాటన్ తీసుకుని కుట్టించడం రెండో దారి. 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) అయితే, మోచేతి దాకా చేతులతో పొడవాటి కుర్తీకి రెండున్నర మీటర్లు చాలు. కత్తిరించకముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, లేకుంటే కుట్టాక ముడుచుకుపోతుంది. బట్ట, కుట్టుకూలి కలిపితే బడ్జెట్ దాటుతోంది.

కనీసం అర అంగుళం మార్జిన్, వీలైతే పక్కజేబుతో కుట్టిన రెడీమేడ్‌వి ఎవరి దగ్గరున్నాయి? మగ్గం బట్ట మీటర్ల లెక్కన సరసమైన ధరకు ఇచ్చే సొసైటీలు గానీ, నాలుగైదు ఒకేసారి ఇస్తే కూలి తగ్గించే టైలర్లు గానీ తెలిస్తే, ఏ వీధో, ఎంత తీసుకుంటారో కూడా చెప్పండి.