స్వరలిపి చదవడం రాకుండా సంగీతకారులు కాగలరా?

ప్రశ్న: బరంపురం నుంచి ఒక తండ్రి

మా అమ్మాయి గాత్రం, కీబోర్డు రెండూ నేర్చుకుంటోంది. గాత్రం గురువుగారు నోటితో పాడించి నేర్పుతారే గాని పుస్తకం తెరవనివ్వరు. కీబోర్డు మాస్టారేమో స్వరలిపి, అంటే కాగితం మీద రాసిన స్వరాలు, చదవలేని పిల్ల ఎన్నటికీ సంగీతకారిణి కాలేదంటున్నారు. ఎవరి మాట వినాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: పర్లాకిమిడి నుంచి, సన్నాయి కుటుంబానికి చెందినవారు

సంగీతకారులు కావడానికి స్వరలిపి అక్కరలేదని నా నిశ్చితాభిప్రాయం. మా ఇళ్లలో పిల్లలు పెద్దల పక్కన కూర్చుని, శ్రుతి పట్టి, విని నేర్చుకున్నవారే. మా ఊళ్లోనే పుట్టిన ఒడియా కవి గోపాలకృష్ణ పట్టనాయక్ గీతాలను ఒడిస్సీ గాయకులు నేటికీ పాడుతున్నారంటే, అది గురుముఖంగా వచ్చిన విద్య చలవే. బిస్మిల్లా ఖాన్ షెహనాయిని మేనమామ దగ్గర నేర్చుకున్నారు. బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీ స్వరలిపి చదవడం రాకుండానే ప్రపంచమంతా పాడుకునే పాటలు కట్టారు. తోడి రాగంలోని గాంధారాన్ని కాగితం మీద ‘గ’ అని మాత్రమే రాస్తే, ఆ స్వరాన్ని ఊపి పలికించే కంపితం ఎక్కడుంది? అది చూసి పాడే పిల్ల నోట తోడి పలకదు.

జవాబు: రాయగడ నుంచి, సంగీతం నేర్పే ఉపాధ్యాయురాలు

తోడి గురించి పర్లాకిమిడి వారు చెప్పినదానిలో ఒక్క అక్షరం కూడా నేను కాదనను. చెవి తయారు కాకముందే పుస్తకం పట్టించిన పిల్లలు స్వరస్థానాలను కళ్లతో వెతుక్కుంటారు. అయితే రాయడం వల్ల కలిగే నష్టాన్ని చూసిన మనం, రాయకపోవడం వల్ల జరిగిన నష్టాన్ని కూడా చూడాలి. అన్నమయ్య సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం లేదు. అందువల్ల ఇప్పుడు మనం వినే వరుసలలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు కూర్చినవే. అన్నమయ్య పాడుకున్న వరుస ఏదో తెలుసుకునే దారి మనకు లేదు. గురుముఖ విద్య అంత గొప్పదైనా, ఆ పరంపర తెగిన చోట దాన్ని మళ్లీ అతికించే సాధనం ఇంకొకటి ఉండాలి.

ఆ భయంతోనే చిన్నస్వామి ముదలియారు మన కృతులను పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయించారు. ఆయన ప్రోత్సాహంతో సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రచురించారు. తమిళదేశంలో వెలువడినా అది తెలుగు లిపిలో ఉంది, స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు కూడా ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు ఈనాటికీ ఆ గ్రంథమే పెద్ద ఆధారం.

ఒడిశాలోని మన సరిహద్దు జిల్లాలలో మరొక చిక్కు ఉంది, నన్ను ఎక్కువ బాధించేది అదే. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు కృతులు పాడతారు, కాని బడిలో ఒడియా గాని ఇంగ్లీషు గాని చదవడం వల్ల తెలుగు అక్షరాలు చదవలేరు. గురువుగారు ఊరు మారితే వారికి ఏ పుస్తకమూ తోడు రాదు. నిజానికి స్వరాలకు కావలసినవి ఏడక్షరాలే: కింద చుక్క పెడితే మంద్రస్థాయి (కింది స్థాయి), పైన పెడితే తారస్థాయి (పై స్థాయి), కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు. ఇంతమాత్రం నేర్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

కీబోర్డు మాస్టారి మాట ఆయన రంగానికి సరిపోతుంది. ఇళయరాజా పుటలకు పుటలు స్వరలిపిలో రాసి ఇస్తారు; 2025లో లండన్‌లో ఆయన సింఫనీ వాయించిన వాద్యకారులు ఆ కాగితాలు చదవగలిగారు కాబట్టే అది సాధ్యమైంది. అలాంటి వాద్యబృందంలో కూర్చోదలచిన పిల్లకు ఆ లిపి తప్పనిసరి. కచేరీ చేయదలచిన పిల్లకు కాదు.

మళ్లీ పర్లాకిమిడి నుంచి

అమ్మా, రాగిరేకుల సంగతి కాదనలేను. అయినా స్వరలిపిని ‘సంగీతకారుడయ్యే అర్హత’గా చెప్పడాన్ని మాత్రం ఒప్పుకోను. అలా అంటే మా పెద్దలందరినీ లెక్కలోంచి తీసేసినట్టే.

రాయగడ ఉపాధ్యాయురాలు

అది అర్హత కాదని నేనూ అంటున్నాను. బరంపురం అయ్యగారూ, గాత్రం గురువుగారి పద్ధతిని ఇప్పుడు కదిలించకండి. అలంకారాలనే తొలి స్వరసాధనలు దాటి గీతాలలోకి వచ్చాక, ఏ రోజు పాఠం ఆ రోజు అమ్మాయి ఇంట్లో తన చేత్తో రాసుకోవడానికి వారి అనుమతి అడగండి. తెలుగు లిపి రాకపోతే మొదట ఒడియా అక్షరాలతోనే రాయనివ్వండి. పాడిన తరువాతే రాయాలి. రాసినదాన్ని చూసి పాడకూడదు.