పేరు దాచుకుని పంపే సందేశాల యాప్‌లను పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు నిషేధించాలా?

కావలి ఉపాధ్యాయిని:
మా పాఠశాలలో పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి దసరా సెలవుల తర్వాత బడికి రావడం మానేసింది. కారణం కనుక్కుందామని ఇంటికి వెళితే, వాళ్లమ్మ మాట్లాడకుండా ఫోను నా చేతికిచ్చారు. ఆ అమ్మాయి తన ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో ‘నా గురించి ఏమనుకుంటున్నారో పేరు చెప్పకుండా రాయండి’ అనే లింకు పెట్టింది. మొదట పొగడ్తలు వచ్చాయి. తర్వాత ‘ట్యూషన్‌లో ఎవరి పక్కన కూర్చుంటున్నావో మీ నాన్నకు చెప్పమంటావా’ అని ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఆమె రంగు గురించి, ఒంటి తీరు గురించి ఇక్కడ రాయలేని మాటలు వచ్చాయి. రాసిందెవరో తెలియదు గానీ రోజూ పక్కన కూర్చునేవాళ్లేనని ఆ మాటలను బట్టి తెలిసిపోతోంది కనుక, ఆ పిల్ల ఇప్పుడు తరగతిలో ఎవరి ముఖం చూసినా భయపడుతోంది. ఎదురుగా తిట్టినవాణ్ణి మందలించగలను, వాడి తల్లిదండ్రులను పిలిపించగలను. ఇక్కడ ఎవరిని పిలిపించాలి? ఇటువంటి యాప్‌లు పిల్లలకు అందకుండా పూర్తిగా నిషేధించాలని నా అభిప్రాయం.

ఒంగోలు డిగ్రీ విద్యార్థిని:
టీచర్ గారూ, ఆ అమ్మాయి పడిన బాధను నేను తక్కువ చేయడం లేదు. అయినా నిషేధాన్ని ఒప్పుకోలేను. నేను హాస్టల్లో ఉండి ఇంటర్ చదివిన రోజుల్లో అక్కడి సిబ్బందిలో ఒకరి ప్రవర్తన గురించి మేము పేర్లు లేని చీటీలు రాసి ఫిర్యాదుల పెట్టెలో వేశాం. పేరు రాసి తీరాలని నియమం ఉండి ఉంటే మాలో ఒక్కరు కూడా రాసేవాళ్లం కాదు. ఆడపిల్ల పేరు నలుగురి నోళ్లలో పడితే చదువు మాన్పించి సంబంధాలు వెతికే ఇళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. నెలసరి గురించి గానీ, ఇంట్లో నాన్న తాగి కొట్టడం గురించి గానీ పేరు చెప్పుకుని అడగలేని పిల్లలకు ఆ చాటు కూడా లేకుండా చేయడం న్యాయమేనా?

నెల్లూరు న్యాయవాది:
పేరు దాచడం మంచిదా చెడ్డదా అని వాదించుకుంటే ఈ చర్చ ఎప్పటికీ తేలదు. పేరు ఎవరిది దాగుతోంది, ఎవరి పేరు బయట ఉంటోంది అన్నది చూడాలి. ఆకాశరామన్న ఉత్తరాలు మనకు కొత్తవి కావు. వాటిలో కక్షతో రాసినవీ ఉన్నాయి గానీ, ఎక్కువగా అవి పై అధికారికి, అంటే బలమున్నవాడికి, బలం లేనివాడు రాసుకున్నవి. హాస్టల్ పెట్టెలో పడిన చీటీ అటువంటిదే. పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేసే పిల్లల విషయమూ అంతే. టీచర్ గారు చెప్పిన లింకులో ఇది తలకిందులైంది. పేరూ ఊరూ ఫొటోతో సహా ఒక్క పిల్ల అందరి ఎదుటా నిలబడింది, మిగిలినవాళ్లంతా చాటున ఉన్నారు.

సరాహా యాప్ చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. సౌదీ అరేబియాలో దాన్ని తయారు చేసినప్పటి ఉద్దేశం ఉద్యోగులు తమ పైవారికి నిర్భయంగా అభిప్రాయం చెప్పుకోవడం. అది పిల్లల చేతుల్లోకి వచ్చాక వేధింపులకు పనిముట్టు అయింది. ఆస్ట్రేలియాలో ఒక తల్లి వినతిపత్రం ఉద్యమంగా మారడంతో 2018 ఫిబ్రవరి నాటికి ఆపిల్, గూగుల్ రెండూ తమ స్టోర్ల నుంచి దాన్ని తీసేశాయి.

ఇటువంటిదే మరో యాప్ ఎన్‌జీఎల్ వ్యవహారం ఇంకా ఘోరం. ఆ కంపెనీ తానే బూటకపు సందేశాలు తయారు చేసి పిల్లలకు పంపిందనీ, అవి ఎవరు రాశారో తెలుస్తుందని ఆశపెట్టి వారానికి 9.99 డాలర్ల వరకు వసూలు చేసిందనీ వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. డబ్బు కట్టినవారికి దక్కింది సందేశం ఎన్ని గంటలకు వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోనా ఐఫోనా, సుమారుగా ఏ ప్రాంతం అన్న పనికిరాని వివరాలే. 2024 జులైలో ఆ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించడానికీ, పద్దెనిమిదేళ్లలోపు వారికి ఆ యాప్‌ను అందించకుండా ఉండడానికీ ఒప్పుకుంది.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 2020లో ప్రాణం తీసుకున్న పదహారేళ్ల కుర్రవాడు అంతకు ముందు తన ఫోనులో వెతికినది, యోలో అనే ఇలాంటి యాప్‌లో తనకు రాస్తున్నవాళ్ల పేర్లు తెలుసుకునే దారి. వేధించేవారి పేర్లు బయటపెడతామని ఆ యాప్ ముందే మాట ఇచ్చింది. తల్లి దావా వేశాక, 2021లో, స్నాప్‌చాట్ తనతో కలిపి వాడే ఆ తరహా యాప్‌లు రెండింటిని, యోలోతో సహా, నిలిపివేసింది.

కనుక తెలిసినవాళ్ల గుంపు చాటుగా ఉండి ఒక్క పిల్లకు రాసేలా కట్టిన యాప్‌లను నిషేధించవలసిందే. పిల్ల చాటుగా ఉండి, జవాబుదారీ ఉన్న పెద్దవారితో మాట్లాడే మార్గాలను ముట్టుకోకూడదు. మన 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటున్నది, మంచిదే. అయితే అది సమాచారం తీసుకోవడం, వాడడం గురించి చెబుతుందే తప్ప, యాప్ నిర్మాణం ఇలా ఉండకూడదని చెప్పదు.

కందుకూరు తండ్రి:
లాయరు గారూ, చట్టాల సంగతి అలా ఉంచండి. ఇలాంటిది రేపు మా ఇంట్లో జరిగితే ముందు ఏం చేయాలి? ఫోను లాక్కుంటే మా వాడు ఇంకెప్పుడూ ఏదీ చెప్పడని నా భయం.

నెల్లూరు న్యాయవాది:
మీ భయం సరైనదే, ఫోను లాక్కోవద్దండి. కోపంలో ఆ యాప్‌ను తీసేయవద్దు, సందేశాలను చెరిపేయవద్దు. తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, లింకును కూడా భద్రపరచండి. మన కంటికి కనిపించని పంపినవారి వివరాలు కంపెనీ దగ్గర ఉండవచ్చు, పోలీసులు వాటిని అడిగి తెప్పించుకోగలరు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల అశ్లీల చిత్రాల విషయమైతే అక్కడ మీ పేరు చెప్పనక్కరలేదు. లైంగికంగా వేధించే మాటలైతే పోక్సో చట్టం వర్తిస్తుంది.

కావలి ఉపాధ్యాయిని:
లాయరు గారు గీసిన గీతను నేను ఒప్పుకుంటున్నాను. ఒంగోలు అమ్మాయి చెప్పిన పెట్టెను మా బడిలోనూ పెట్టించమని ప్రధానోపాధ్యాయులను అడుగుతాను.

ఒంగోలు డిగ్రీ విద్యార్థిని:
పెట్టండి టీచర్ గారూ, కానీ దాని తాళంచెవి బడిలో ఎవరి దగ్గరా ఉండకూడదు. మా చీటీలు మొదటిసారి ఎవరి మీద రాశామో వారి చేతికే వెళ్లాయి. మహిళా పోలీసు వచ్చి తెరిచే ఏర్పాటు చేస్తేనే పిల్లలు ధైర్యంగా రాస్తారు.