తప్పెటగుళ్ళ వీడియో మీద గీసిన యానిమేషన్ మన బొమ్మేనా, కాదా?

రంగులడబ్బా (విజయనగరం):
అందరికీ నమస్కారం. నేను ఇక్కడే ఉండి ఇలస్ట్రేషన్, మోషన్ డిజైన్ పనులు చేసుకుంటున్నాను. ఈమధ్య ఒక జాతర కమిటీ వాళ్లు ఎల్‌ఈడీ తెర మీద వేసుకోడానికి 20 సెకన్ల తప్పెటగుళ్ళ లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న యానిమేషన్) అడిగారు. తప్పెటగుళ్ళంటే గుండెల మీద తప్పెట కట్టుకుని పాడుతూ ఆడే మన ఆట. గజపతినగరం వైపు ఒక బృందం దగ్గరికి వెళ్లి, వాళ్లు ఆడుతుంటే ఫోన్లో తీసుకుని, ఆ వీడియోని క్రితా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అడుగు లేయర్‌గా పెట్టి దాని మీద గీశాను. సెకనుకి 12 బొమ్మలు, అంటే మొత్తం 240. ఎలా చేశానో కనపడాలని టైమ్‌ల్యాప్స్ కూడా పెట్టాను. దాని కింద ఒక సీనియర్ ఆర్టిస్ట్ "ఇది గీయడం కాదు, దిద్దడం. వీడియో తీసేస్తే నీ దగ్గర ఏం మిగిలింది?" అని రాశారు. ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఒప్పుకోలేకపోతున్నాను. మీరేమంటారు?

పెన్సిల్‌మాస్టారు (రాజాం):
ఆయన అన్నదాంట్లో తప్పేటుంది తమ్ముడూ? నేను పిల్లలకి డ్రాయింగ్ చెప్తాను. ట్రేసింగ్‌కి అలవాటు పడ్డ చెయ్యి, అడుగున ఫొటో లేకపోతే కదలదు, అది నేను రోజూ చూస్తున్నదే. వడ్డాది పాపయ్య గారు 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారు కదా, ఆయన బొమ్మల్లో ఆ నడుము వంపు, ఆ మెడ తిరిగిన తీరు ఏ కెమెరాకి దొరుకుతాయి చెప్పు. చూసి, మనసులో పెట్టుకుని, తర్వాత గీస్తేనే అలా వస్తుంది. వీడియోలో ఉన్నది వీడియోలోనే ఉంటుంది, దాన్ని మళ్లీ గీతల్లోకి దించడానికి అంత కష్టం ఎందుకు?

రెండర్‌బాబు (బొబ్బిలి):
కమిటీ వాళ్లకి లూప్ నచ్చిందా, డబ్బులు ఇచ్చారా? అంతే. బ్రో, నేనైతే ఒక్క మనిషిని ముక్కలుగా గీసి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పప్పెట్ పిన్నులు పెట్టి కదిలేట్టు చేసి, అదే రిగ్‌ని (ఆ కదిలే అమరికని) పదిమందికి కాపీ కొట్టేసేవాణ్ణి. 240 బొమ్మలు ఎవడు గీస్తాడు?

నాగావళి (శ్రీకాకుళం):
కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఇది ఫోన్లతో వచ్చిన అలవాటు కాదు మాస్టారూ. ఇలా ఫిల్మ్ మీద గీయడాన్ని రోటోస్కోపింగ్, ముద్దుగా రోటో అంటారు. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ ఈ పద్ధతికి 1915లో పేటెంట్ దరఖాస్తు పెడితే 1917లో వచ్చింది. తమ్ముడు డేవ్‌కి జోకర్ వేషం వేసి ఫిల్మ్ తీసి, ఒక్కో ఫ్రేమునీ గాజు మీద పడేట్టు చేసుకుని గీసుకున్నాడు. డిస్నీ వాళ్లు కూడా 1937లో వచ్చిన స్నో వైట్ కోసం మార్జ్ చాంపియన్ అనే డాన్సర్‌తో చేయించి, ఆ ఫిల్మ్ చూసుకుంటూ గీశారు. వాళ్లకి గీయడం రాదని ఎవరూ అనరు.

ఇక అసలు పని సంగతి. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది, అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 33 మిల్లీసెకన్లు. గుండెల మీద కట్టుకున్న తప్పెటకి అరచెయ్యి తగిలి లేవడం అంతకంటే తక్కువలో అయిపోతుంది. ఒకసారి వీడియోని ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూడండి: ఒకదాంట్లో చెయ్యి తప్పెటకి బెత్తెడు దూరంలో ఉంటుంది, తర్వాతదాంట్లో అప్పుడే వెనక్కి వచ్చేసి ఉంటుంది. దెబ్బ తగిలిన ఫ్రేము చాలాసార్లు ఉండనే ఉండదు. చీకటి పడుతుండగా తీస్తే ఇంకా అన్యాయం, వేళ్లు కూడా ఉండవు, ఒక మసక చార ఉంటుంది. ఆ దెబ్బ బొమ్మ గీసేవాళ్లు సొంతంగా పుట్టించాల్సిందే. పైగా 30లోంచి 12 తీయాలంటే రెండున్నర ఫ్రేములకి ఒకటి, లెక్క సమంగా కుదరదు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ప్రతిచోటా మనమే తేల్చుకోవాలి, దరువు ఎక్కడ పడుతుందో చెవి పెట్టి విని మరీ. చప్పుడు కంటే బొమ్మ ఒక్క ఫ్రేము ముందు పడితేనే రెండూ కలిసినట్టు అనిపిస్తుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అది వీడియో చెప్పదు.

రంగులడబ్బా తమ్ముడూ, నీ లూప్ ఆపి ఆపి చూశాను. ముందు వరసలో ఎడమ నుంచి రెండో ఆయన గెంతి దిగినప్పుడు మోకాళ్లు వీడియోలో కంటే బాగా వంగాయి, పాదం నేలకి ఆనాక కూడా గజ్జెలు ఇంకో రెండు బొమ్మల దాకా ఊగుతూనే ఉన్నాయి. నీ టైమ్‌ల్యాప్స్‌లో అడుగు లేయర్ కనిపిస్తోంది కదా, అందులో గజ్జెలు ఒక గోధుమరంగు ముద్ద. ఆ ఊగడం పూర్తిగా నీదే, ఆ మనిషి బరువు తెలిసింది దానివల్లే. వెనక వరస మాత్రం అలా లేదు. అక్కడ గీత ఊరికే వణుకుతోంది, పాదాలు నేల మీద జారుతున్నాయి, అవి ఉన్నదున్నట్టు దిద్దినవే. అక్కడి వరకు మాస్టారి మాటే నిజం.

రెండర్‌బాబూ, పదిమందికీ ఒకే రిగ్ వేస్తే పది చేతులూ ఒకే క్షణంలో పడతాయి. తప్పెటగుళ్ళ అందం అది కాదు నాయనా. అందరూ ఒకే దరువులో ఉంటారు, అయినా ఒక్కొక్కడి ఒళ్లు ఒక్కోలా విరుగుతుంది.

నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ పోస్టులో సాఫ్ట్‌వేర్ పేరు ఉంది, వాడిన బ్రష్ పేరు ఉంది, ఆడినవాళ్ల పేర్లు లేవు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణతో ఆడేవాళ్లకీ పాడేవాళ్లకీ తమ ప్రదర్శన మీద హక్కు వచ్చింది, ఇప్పుడది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో, ఆ ప్రదర్శన చేసింది తామేనని చెప్పించుకునే హక్కు కూడా ఇచ్చారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఆ ఆట వాళ్లది, దాన్ని బొమ్మగా మార్చిన పని నీది. రెండు పేర్లూ పక్కపక్కన ఉండాలి. వాళ్లకి డబ్బు కూడా ముట్టాలి.

పెన్సిల్‌మాస్టారు (రాజాం):
గజ్జెల సంగతి ఒప్పుకుంటానమ్మా, నేనూ మళ్లీ వెళ్లి చూశాను. కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. డిస్నీ వాళ్ల దగ్గర గీసినవాళ్లు ముందు ఏళ్ల తరబడి మనుషుల్ని చూసి గీసినవాళ్లు. మన పిల్లలు మొదలే రోటోతో పెడుతున్నారు. తమ్ముడూ, ఒక పని చెయ్యి. దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం మీ విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంటుంది కదా, మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర స్కెచ్‌బుక్ పట్టుకుని నిలబడు. బండికి కట్టిన ఆ పొడవాటి మాను కోట వైపు మూడుసార్లు తిరుగుతుంది. బండి ఆగాక కూడా కొసన పూజారి గారు కూర్చున్న చోటు ఎలా ఊగుతుందో చూడు. ఇంటికి వెళ్లి, వీడియో పెట్టుకోకుండా గీయి. అప్పుడు మాట్లాడుకుందాం.

గజ్జెలచప్పుడు (చీపురుపల్లి):
మాది తప్పెటగుళ్ళు ఆడే ఇల్లు. ఇప్పటికీ మా నాన్న ఆడతాడు. ఇదంతా చదివి రాయాలనిపించింది. మా వాళ్లని ఫోన్లో తీయనివాడు లేడు, ఊరు పేరు అడిగేవాడు తక్కువ. నాన్నకి ఈ లూప్ చూపించాను. ముందు వరస బాగుందన్నాడు, తర్వాత "ఇందులో గురువు ఎవరురా?" అని అడిగాడు. నిజమే, అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. గురువు పాట ఎత్తుకుంటాడు, మిగిలినవాళ్లు వంత పాడతారు. బొమ్మలో ఎవరు పాడుతున్నారో, ఎవరు అందుకుంటున్నారో తెలియట్లేదు. దిద్దారా, చూసి గీశారా అన్నది మాకు పెద్ద తేడా కాదు. గురువు గురువులా కనపడాలి.

రెండర్‌బాబు (బొబ్బిలి):
ఈ మాట వినాల్సిందే. నోటి కదలిక లేకుండా లూప్ ఇచ్చేయడం నేనూ చేస్తుంటాను, తెర మీద దూరానికి కనపడదు కదా అని. కానీ జాతరకి వచ్చినవాళ్లలో సగం మందికి ఆ పాటలు నోటికి వచ్చు.

రంగులడబ్బా (విజయనగరం):
అందరికీ థాంక్స్. గురువు గారి మొహానికీ నోటికీ వేరే లేయర్ పెట్టి, పాట వింటూ గీస్తున్నాను. దానికి వీడియో పనికిరాదు, ఆయన పాడేటప్పుడు వెనక్కి తిరిగి ఉన్నారు. వెనక వరస కూడా మళ్లీ గీస్తాను. మాస్టారూ, సిరిమానుకి స్కెచ్‌బుక్‌తోనే వస్తాను, మీరూ రండి. బృందం ఊరు, గురువు గారి పేరు లూప్ మొదట్లోనే వేస్తాను, ఈ రూపాయల లెక్కే తేలట్లేదు. ఆడినవాళ్ల పారితోషికం అని బిల్లులో వేరే వరస రాస్తే కమిటీ వాళ్లు "అదెందుకు" అని కొట్టేస్తారేమోనని టెన్షన్. మీలో ఎవరైనా అలా బిల్లు వేసి ఉంటే ఏమని రాశారో, ఎంత వేశారో చెప్పండి.