అప్‌డేట్: చివరికి ఫైవ్ ఓ ఫైవ్ తీసుకున్నాం

మేమిద్దరం నడిపే చిన్న తెరచాప రేసింగ్ పడవ ట్వంటీ నైనర్ (29er)కి ఇద్దరం బరువైపోయాం, తర్వాత అలాంటి పడవల్లోనే ఫార్టీ నైనర్ (49er) తీసుకోవాలా, ఫైవ్ ఓ ఫైవ్ (505) తీసుకోవాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. రెండూ నడిపి చూడమన్నారు. చూశాం.

ఫార్టీ నైనర్ గురించి ముందే భయపెట్టారు, అయినా తక్కువే చెప్పారు. వేగంగా పోతున్నప్పుడు బాగానే ఉంది. ఆగిందా, బోల్తా! స్టార్ట్ లైన్ దగ్గర నిలబెట్టలేక మూడుసార్లు నీళ్లలో పడ్డాం. ఇద్దరూ ట్రపీజ్ (తెరచాప స్తంభం నుంచి వేలాడే తీగ, దానికి తగిలించుకుని పడవ బయటికి వాలతాం) మీదే ఉండాలి కాబట్టి ఒకరి తప్పును ఇంకొకరు సర్దే వీలు తక్కువ. వారానికి ఒక్కరోజు సాధనతో అది లొంగదు.

ఫైవ్ ఓ ఫైవ్‌లో ట్రపీజ్ మీద ఒక్కరే. పేరుకు తగ్గట్టే పొడవు 5.05 మీటర్లు, డిజైన్ 1950ల నాటిది, కానీ గాలి పెరగగానే ఆ వయసు గుర్తుకే రాదు. మాకు నచ్చింది వేరే సంగతి: మాస్ట్ (తెరచాప స్తంభం) వాలును నీళ్ల మీదే మార్చుకోవచ్చు. గాలి ఎక్కువైతే మాస్ట్‌ను వెనక్కి వాలుస్తాం, పడవ మళ్లీ చెప్పిన మాట వింటుంది. ఇద్దరి బరువు కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు.

ఇబ్బంది స్పిన్నేకర్‌తోనే, అంటే గాలివాటున పోయేటప్పుడు ముందు ఎత్తే పెద్ద తెరచాపతో. ట్వంటీ నైనర్‌లో తాడు లాగితే సరిపోయేది. ఇక్కడ గాలివాటున మలుపు తిప్పిన ప్రతిసారీ ఆ తెరచాపను పట్టి ఉంచే పోల్ (కర్ర) కూడా ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మార్చాలి. నా జోడీ ఇప్పటికీ తిడుతూనే ఉంది.

పాత పడవే కొన్నాం. సెంటర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) చుట్టూ నీరు కారుతుందేమో చూడమన్న వారికి థ్యాంక్స్, నిజంగానే కారింది. బాగు చేయించాకే తీసుకున్నాం.