విశ్వం ముగిసేచోట ఫిజిక్సూ దేవుడూ ఒకటవుతాయా?

అలిపిరి_నడక:
అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. ఫ్రాంక్ టిప్లర్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ‘ఒమేగా పాయింట్’ వాదన చదివినప్పటి నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. విశ్వం ఏదో ఒకనాటికి మళ్లీ ముడుచుకుపోతుంది, అప్పటికి తెలివైన ప్రాణులు విశ్వమంతా పరుచుకుని ఉంటాయి, ఆ ముడుచుకోవడం అన్ని దిక్కులా ఒకేలా జరగకుండా నడిపించి, ఆ తేడాలోంచి శక్తి తోడుకుంటూ, ఆఖరి క్షణం లోపు అంతులేనన్ని లెక్కలు చేసేస్తాయి అంటాడాయన. ఆ అంతులేని జ్ఞానమే దేవుడట, చనిపోయినవాళ్లంతా ఆ లెక్కల్లోనే తిరిగి లేస్తారట! ఈ పేరు అంతకు ముందే తెయ్యార్ ద షార్దాన్ అనే ఫ్రెంచి జెసూట్ ఫాదర్ పెట్టింది, ఆయన శిలాజాలు తవ్విన శాస్త్రవేత్త కూడా.

మా నాన్న రోజూ పూజకు ముందు సంకల్పంలో ‘శ్వేతవరాహకల్పే, వైవస్వత మన్వంతరే’ అంటారు. కల్పమంటే 432 కోట్ల ఏళ్లు, బ్రహ్మకు ఒక పగలు, తర్వాత ప్రళయం. మనవాళ్లూ ముగింపు గురించి ఆలోచించినవాళ్లే కదా. మరి ఫిజిక్స్, తెలివి, దైవం మూడూ చివర్లో ఒకచోటికి వస్తాయని నమ్మొచ్చా? ‘నమ్మకం నీ ఇష్టం’ అని మాత్రం చెప్పకండి, నాకు వాదన కావాలి.

గాదంకి_దారి:
తమ్ముడూ, ఫిజిక్స్ వరకు నేను చెప్తాను. టిప్లర్ వాదనంతా విశ్వం ముడుచుకోవడం మీద నిలబడింది. 1998లో రెండు బృందాలు దూరపు సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, కొలిచి, విస్తరణ తగ్గడం కాదు, వేగం పుంజుకుంటోందని తేల్చాయి, 2011లో దానికే నోబెల్ వచ్చింది. కాబట్టి ఆ దారి ఇప్పటికి మూసుకుపోయినట్టే. అరిజోనాలో గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే 2024, 2025లలో ఇచ్చిన ఫలితాల్లో, ఈ వేగాన్ని పెంచుతోందనుకునే డార్క్ ఎనర్జీ కాలంతో పాటు బలహీనపడుతోందేమో అనే సూచన ఉంది, కానీ అది ఇంకా ఖాయం కాలేదు, నిజమే అయినా అంతమాత్రాన విశ్వం ముడుచుకుంటుందని కాదు.

నాకు దీనికంటే గట్టి ప్రశ్నగా అనిపించేది భౌతికశాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ 1979లో వేసింది. విశ్వం ఎప్పటికీ విస్తరిస్తూ చల్లబడుతూ పోతే అందులో తెలివి ఎప్పటికీ బతకగలదా అని. బతకగలదనే ఆయన లెక్క. ఆలోచించడానికి అయ్యే ఖర్చు ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది, లోకం చల్లబడేకొద్దీ ఖర్చు తగ్గుతుంది, కాసేపు ఆలోచించి చాలాకాలం నిద్రపోతూ పోతే పరిమితమైన శక్తితోనే అపరిమితంగా ఆలోచించవచ్చు. ఎంత అందమైన ఆలోచనో! అయితే అప్పటికి డార్క్ ఎనర్జీ సంగతి బయటపడలేదు. అది స్థిరంగా ఉంటే చల్లదనానికీ ఒక అట్టడుగు హద్దు ఉంటుంది, దశాంశ బిందువు తర్వాత 29 సున్నాలు పెట్టి 1 వేస్తే ఎంతో సుమారు అన్ని కెల్విన్లు, అంతకంటే కిందికి దిగదు. పైగా దూరపు గెలాక్సీలు చేతికందకుండా పోతాయి, పోగేసుకోగల శక్తికీ హద్దు పడుతుంది. ఖర్చు ఒకచోట ఆగిపోయింది, జమకు హద్దు వచ్చింది, ఇక ఆలోచనలూ లెక్కకు దొరికేవే అవుతాయి. క్రాస్, స్టార్క్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్తలు 2000లో ఇదే చూపించారు. అంటే మనకిప్పుడు తెలిసిన విశ్వంలో తెలివి అంతులేనిది కాలేదు. ఇది నాకు బాధ కలిగించే ఫలితమే, అయినా లెక్క అలాగే ఉంది.

భాష్యం_చదువరి:
నాయనా, నీ ప్రశ్నలో ‘చివర్లో’ అన్నావే, నా అభ్యంతరమంతా అక్కడే. టిప్లర్ దేవుడు కాలం చివర తయారయ్యేవాడు, ప్రాణుల తెలివి పండితే వచ్చే ఫలితం. పానెన్‌బర్గ్ అనే జర్మన్ లూథరన్ వేదాంతి ఆ వాదనను శ్రద్ధగా పట్టించుకున్నాడు, దేవుడి రాజ్యం భవిష్యత్తు నుంచి వస్తుందనేది ఆయన ఆలోచనకు ఆయువుపట్టు కాబట్టి. అది వాళ్ల సంప్రదాయంలో పొసగొచ్చు.

మన కొండమీద సంప్రదాయం రామానుజులది. అందులో ప్రళయమంటే అంతా నశించడం కాదు, చేతనులూ (అంటే జీవులూ) జడప్రకృతీ పేరూ రూపమూ విడిచి సూక్ష్మంగా ఈశ్వరుడి శరీరంగానే ఉంటాయి, మళ్లీ సృష్టిలో విప్పారుతాయి. ఆయన అప్పుడూ ఉన్నాడు, ముందూ ఉన్నాడు. జీవుడు కూడా తయారైన వస్తువు కాదు, నిత్యుడు. ఇక మోక్షం కోసం ప్రళయం దాకా కాచుకోవాల్సిన పనే లేదు, ప్రపన్నుడికి, అంటే భగవంతుణ్ణి శరణు వేడినవాడికి, ఈ దేహం వదలగానే పరమపదం, అక్కడ కాలానికి పెత్తనం లేదు. అలాంటప్పుడు విశ్వం ముడుచుకుంటే ఏమి, చల్లారిపోతే ఏమి? మన వేదాంతానికి అవసరమైనదేదీ ఆ ముగింపు దగ్గర పెట్టి లేదు.

ఇంకోమాట. 432 కోట్లు భూమి వయసు 454 కోట్లకు దగ్గరగా ఉందనీ, బ్రహ్మ ఆయుష్షు 311 లక్షల కోట్ల ఏళ్లు కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోయే కాలానికి దగ్గరనీ జత కలిపేవాళ్లు నీకు బోలెడుమంది దొరుకుతారు. దయచేసి ఆ దారిలో పోవద్దు. విశ్వం వయసు 1380 కోట్లు, దానికి ఏ కల్పమూ సరిపోదు. కలిసిన అంకె చూపించి కలవనిది దాచిపెడితే సైన్సుకూ ద్రోహమే, మన శాస్త్రాలకూ ద్రోహమే. తిరుమలలో ముందు వరాహస్వామిని చూసుకుని తర్వాత శ్రీనివాసుడి దగ్గరికి వెళ్లే మనకు, శ్వేతవరాహకల్పం నిజం కావడానికి టెలిస్కోప్ సంతకం అక్కర్లేదు.

మదనపల్లె_అక్క:
నాది చిన్న అనుమానం. ఎంత పెద్ద కంప్యూటరైనా కానీ, చనిపోయిన మా అమ్మను అణువణువూ లెక్కగట్టి మళ్లీ నడిపిస్తే, లేచేది మా అమ్మా, అచ్చం అమ్మలాంటి ఇంకొకరా? రెండు ప్రతులు నడిపిస్తే ఇద్దరిలో ఎవరు అమ్మ? విశ్వం ముడుచుకున్నా సరే, ఈ చిక్కు ఊడదు. టిప్లర్ పోలిక సరిపోతే చాలు, మనిషి అదే అంటాడు. నాకది ఒప్పుకోబుద్ధి కాలేదు.

అలిపిరి_నడక:
అందరికీ చాలా థాంక్స్. అక్కా, మీ ప్రశ్న నేను అసలు ఆలోచించనిది. అయితే ఒకటి అడుగుతాను, తెలివి అంతులేనిది కాదని ఫిజిక్స్ అంటే, జీవుడి జ్ఞానం నిత్యమని వేదాంతం అంటే, రెండూ ఢీకొన్నట్టు కాదా?

భాష్యం_చదువరి:
కాదు. వాళ్లు లెక్కగట్టింది శక్తి ఖర్చుపెట్టి చేసే ఆలోచనను. ప్రళయంలో జీవుడి జ్ఞానం ముడుచుకుని ఉంటుందనే మనవాళ్లూ అన్నారు, ఏ పనీ చేయదు. శరీరమూ మనసూ లేనిదే ఇక్కడ ఆలోచన సాగదని మనమూ ఒప్పుకునేదే. తేడా ఎక్కడొస్తుందంటే, ఆ మిగిలే జీవుడు ఉన్నాడా లేడా అన్నచోట. దాన్ని డైసన్ లెక్క తేల్చదు, తేల్చడానికి పూనుకోలేదు కూడా.

గాదంకి_దారి:
ఒప్పుకుంటాను. తమ్ముడూ, ముందు డైసన్ పేపరు సమీకరణాలతో సహా చదువు, ఎమ్మెస్సీ వాళ్లకు అందేదే. తర్వాత క్రాస్, స్టార్క్‌మన్‌ది. చదివాక ఎక్కడ ఆగావో ఇక్కడే రాయి.